సెలవుల్లో బజ్జీల దుకాణం: ధీరూభాయి అంబానీ తొలి సంపాదన

ఇచ్ఛాపూర్ (సూరత్): సూరత్ నగరం నుంచి హజీరా రేవు వైపు సాగే రహదారి మీద ఇచ్ఛాపూర్ ఉంది. ఈ ఊరి చుట్టూ ఇప్పుడు పారిశ్రామిక వాడ, వజ్రాభరణాల పార్కు విస్తరించాయి. అదే దారిన ముందుకు సాగితే, తపతీ నది సముద్రాన్ని చేరే చోట, 1990ల తొలినాళ్లలో రిలయన్స్ సంస్థ నెలకొల్పిన పెట్రో రసాయనాల కర్మాగారం కనిపిస్తుంది. సూరత్ మరమగ్గాలకు పాలిస్టర్ దారమే ప్రాణం. ఆ మగ్గాలను నమ్ముకుని తెలంగాణ జిల్లాల నుంచి వలస వచ్చి స్థిరపడిన పద్మశాలి కుటుంబాలు ఇక్కడ పెద్ద సంఖ్యలో ఉన్నాయి. ఈ కర్మాగారాన్ని తలపెట్టిన ధీరూభాయి అంబానీ జీవితకథను చాలామంది ఇటువంటి మహా నిర్మాణాలతోనే మొదలుపెడతారు. ఆయన బడి సెలవుల్లో చేసిన చిన్న పనుల దగ్గర మొదలుపెడితే అదే కథ మరో విధంగా అర్థమవుతుంది.

ధీరజ్‌లాల్ హీరాచంద్ అంబానీ 1932 డిసెంబరు 28న సౌరాష్ట్ర తీరంలోని చోర్వాడ్‌లో జన్మించారు. అప్పట్లో ఆ ఊరు జునాగఢ్ సంస్థానంలో భాగం. తండ్రి హీరాచంద్ బడిపంతులు. తల్లి జమునాబెన్. ఐదుగురు పిల్లలున్న ఇల్లు ఒక్క పంతులు జీతంతో గడవడం కష్టమే. తండ్రికి చేదోడుగా నాలుగు రాళ్లు సంపాదించమని తల్లి పిల్లలను పోరుతూ ఉండేదని, ఆ పోరు పడలేక ధీరూభాయి ఒకనాడు వ్యాపారానికి దిగారని జీవితచరిత్రకారులు రాశారు.

ఆ వ్యాపారం వేరుశనగ నూనె. స్థానిక టోకు వర్తకుని వద్ద ఒక డబ్బా నూనెను అప్పుగా తెచ్చి, రోడ్డు పక్కన కూర్చుని చిల్లరగా అమ్మారు. మిగిలిన కొద్ది రూపాయలను తల్లి చేతిలో పెట్టారు. తరువాత బడి లేని రోజుల్లో చుట్టుపక్కల ఊళ్లలో జరిగే తిరునాళ్లకు పోయి ఉల్లిపాయ, బంగాళాదుంప బజ్జీల దుకాణం పెట్టడం మొదలుపెట్టారు. గిర్నార్ కొండకు వచ్చే యాత్రికులకు బజ్జీలు అమ్మారన్న కథనం కూడా ప్రచారంలో ఉంది.

ఈ రెండు పనులూ పైకి ఒకేలా కనిపించినా వాటి స్వభావం వేరు. నూనె పాడయ్యే సరుకు కాదు. ఇవాళ అమ్ముడుపోనిది రేపు పోతుంది. కానీ అది అప్పు మీద వచ్చిన సరుకు. వర్తకుడు బాకీ అడిగే రోజుకు డబ్బు చేతికి రావాలి. టోకు ధరకూ చిల్లర ధరకూ నడుమ ఉన్న తేడాయే లాభమనీ, ఆ తేడా చేతికందడానికి పట్టే కాలమే అసలు చిక్కు అనీ ఆ డబ్బా ఒక్కటే నేర్పగలదు. బజ్జీల సంగతి అలా కాదు. సాయంత్రానికి మిగిలిన బజ్జీ మర్నాటికి పనికిరాదు. జనం ఎంతమంది వస్తారో ముందే అంచనా వేసి పిండి కలపాలి. తక్కువ కలిపితే బేరం పోతుంది, ఎక్కువ కలిపితే పెట్టుబడి పోతుంది. వాన పడి తిరునాళ్లు పలచబడితే ఆ రోజు కూలి ఇచ్చే యజమాని ఎవరూ ఉండరు. కూలికి పోయే కుర్రవాడికి ఎదురుకాని ప్రశ్న ఇది. సొంత దుకాణం పెట్టినవాడికి మొదటి రోజునే ఎదురవుతుంది.

ఉన్నత పాఠశాల చదువుకు ధీరూభాయి జునాగఢ్ చేరారు. 1947లో నవాబు సంస్థానాన్ని పాకిస్తాన్‌లో కలపాలని నిర్ణయించినప్పుడు దానికి వ్యతిరేకంగా సాగిన విద్యార్థుల ఆందోళనలో పాల్గొన్నారు. 1949లో మెట్రిక్ పరీక్ష రాసేనాటికి తండ్రి ఆరోగ్యం దెబ్బతింది. పై చదువుకు దారి మూసుకుపోయింది. అన్న రమణీక్‌లాల్ అప్పటికే ఏడెన్‌లో ఉద్యోగం చేస్తున్నారు. ఆయన చూపిన దారిలో తమ్ముడు కూడా ఓడ ఎక్కారు.

ఏడెన్ ఆనాటి గుజరాతీలకు పూర్తిగా పరాయి నేల కాదు. 1937 వరకూ ఆ రేవు బ్రిటిష్ ఇండియా పాలనలోనే ఉండేది. ధీరూభాయి వెళ్లేనాటికి కూడా అక్కడ రూపాయి చెల్లుబాటులో ఉంది. ఫ్రెంచి వర్తకుడు ఆంటోనిన్ బెస్ నడిపిన ఎ.బెస్ అండ్ కంపెనీలో ఆయనకు గుమాస్తాగా నెలకు 300 రూపాయల జీతం కుదిరింది. ఆ కంపెనీ షెల్ చమురు ఉత్పత్తులకు పంపిణీదారు కూడా. ధీరూభాయి తరువాత ఆ విభాగానికి మారారు.

నెల తిరిగేసరికి జీతం చేతికొచ్చే ఉద్యోగం దొరికిన పల్లెటూరి యువకుడు అక్కడితో తృప్తిపడితే తప్పు పట్టేవారు లేరు. ధీరూభాయి మాత్రం ఆఫీసు పని ముగిశాక ఒక గుజరాతీ వర్తక సంస్థలో జీతం లేకుండా పనిచేశారు. ఖాతా పుస్తకాలు రాయడం, సరుకు రవాణా పత్రాలు తయారుచేయడం, బ్యాంకులతో, బీమా సంస్థలతో వ్యవహరించడం అక్కడ అలవడ్డాయి. పగలు చేసిన పనికి కంపెనీ డబ్బు ఇచ్చింది; సాయంత్రం చేసిన పనికి ఎవరూ ఏమీ ఇవ్వలేదు. తరువాతి కాలంలో ఆయనకు ఎక్కువగా అక్కరకొచ్చింది ఈ రెండో పనే అనిపిస్తుంది. బజ్జీల దుకాణం నష్టభయాన్ని పరిచయం చేసింది కానీ ఖండాంతర వ్యాపారపు లెక్కలను నేర్పలేదు. ఆ కొరతను జీతం లేని కొలువు తీర్చింది.

ఏడెన్ బజారులో ఆయన సొంతంగా చిన్న చిన్న సట్టా వ్యాపారాలు కూడా చేశారు. యెమెన్ వెండి రియాల్ నాణేనికి మారకపు విలువ కంటే దానిలోని వెండి విలువ ఎక్కువని గమనించి, నాణేలను కొని కరిగించి అమ్మారన్న కథ ఎంతో ప్రసిద్ధం. చిల్లరకూ టోకుకూ నడుమ తేడాను చోర్వాడ్‌లో కనిపెట్టిన కన్నే ఇక్కడా పనిచేసిందని చెప్పవచ్చు.

1958లో ఆయన భార్య కోకిలాబెన్‌తో, ఏడెన్‌లో పుట్టిన పెద్ద కుమారుడు ముకేశ్‌తో స్వదేశానికి తిరిగివచ్చారు. బంధువు చంపక్‌లాల్ దమానీతో కలిసి 15 వేల రూపాయల మూలధనంతో బొంబాయిలోని మస్జిద్ బందర్ ప్రాంతంలో రిలయన్స్ కమర్షియల్ కార్పొరేషన్‌ను ప్రారంభించారు. 350 చదరపు అడుగుల గది, ఒక టెలిఫోను, ఒక బల్ల, మూడు కుర్చీలు - ఆఫీసంతా అంతే. కుటుంబం భులేశ్వర్‌లోని చాల్‌లో ఉండేది. మొదట ఏడెన్‌కు సుగంధ ద్రవ్యాలు ఎగుమతి చేశారు. ఆపై దారం వ్యాపారంలోకి వచ్చారు.

1965లో భాగస్వాములు విడిపోయారు. దారం ధర పెరుగుతుందన్న అంచనాతో సరుకు నిల్వ చేయాలన్నది ధీరూభాయి పద్ధతి. దమానీ ఆచితూచి నడిచే మనిషి. వ్యాపారంలో ఇద్దరి స్వభావాలూ న్యాయమైనవే. ఎంత పిండి కలపాలన్న తిరునాళ్ల ప్రశ్నకు ఒక్కొక్కరు ఒక్కో జవాబు ఇచ్చారు, అంతే. మరుసటి ఏడు, 1966లో, అహ్మదాబాద్ సమీపంలోని నరోడాలో ధీరూభాయి బట్టల మిల్లు మొదలుపెట్టారు. అన్న కుమారుని పేరిట విమల్ బ్రాండు వెలిసింది. 1977లో రిలయన్స్ వాటాలను ప్రజలకు అమ్మినప్పుడు సుమారు 58 వేల మంది మదుపరులు కొన్నారు. వారిలో అధికులు అంతకుముందు వాటాల మొగం చూడని మధ్యతరగతివారు.

ఈ కథను ఒక ముచ్చటగా చెప్పుకోవడంలో ఒక ప్రమాదం ఉంది. తిరునాళ్లలో బజ్జీలు వేసిన కుర్రవాళ్లు దేశంలో లక్షల్లో ఉంటారు. వారిలో చాలామందికి ఏడెన్‌లో అన్న లేడు, పని నేర్పే గుజరాతీ కొట్టు లేదు, పెట్టుబడిలో తోడు నిలిచే బంధువు లేడు. పనికి అలవాటుపడిన చేతికి ఇవి కూడా తోడైనందుకే ధీరూభాయి నిలదొక్కుకోగలిగారు. లైసెన్సుల కాలంలో ప్రభుత్వ నిబంధనలను ఆయన తనకు అనుకూలంగా మలచుకున్నారన్న విమర్శ 1980లలో పత్రికల్లోనూ పార్లమెంటులోనూ బలంగా వినిపించింది. ఆయన కీర్తితో పాటు ఆ విమర్శ కూడా చరిత్రలో నిలిచింది. చిన్న పిల్లల పని విషయంలో చట్టం కూడా అప్పటిలా లేదు. 2016 సవరణ ప్రకారం 14 ఏళ్లు నిండని పిల్లలు ప్రమాదం లేని కుటుంబ వ్యాపారంలో, అదీ బడి వేళల తరువాత గానీ సెలవుల్లో గానీ మాత్రమే సాయపడవచ్చు.

ధీరూభాయి 2002 జూలై 6న ముంబైలో కన్నుమూశారు. 2016లో మరణానంతరం పద్మవిభూషణ్ ప్రకటించారు.

జీతగాణ్ని సొంత కాళ్ల మీద నిలబెట్టడంలో ఆయనకున్న ఆసక్తికి తెలుగువారికి బాగా తెలిసిన నిదర్శనం ఒకటుంది. గుంటూరు సీమలోని వినుకొండ నుంచి అహ్మదాబాద్ చేరిన ఎ.జి. కృష్ణమూర్తి రిలయన్స్‌లో ప్రకటనల విభాగం చూసేవారు. ధీరూభాయి ప్రోత్సాహంతో ఆయన 1980లో ముద్రా కమ్యూనికేషన్స్ అనే ప్రకటనల సంస్థను ప్రారంభించారు. చేతిలో 35 వేల రూపాయలు, ఒకే ఒక ఖాతాదారు. ఆ ఖాతాదారు విమల్. తొమ్మిదేళ్లు గడిచేసరికి ముద్రా దేశంలోని ప్రకటనల సంస్థల్లో మూడో స్థానానికి చేరింది.