మశూచికి అడ్డుకట్ట వేసిన డాక్టరు ఎడ్వర్డ్ జెన్నర్



మొన్న వేసవిలో ఒక పెండ్లి పని మీద సిరోంచ వెళ్లాను. భోజనాలయ్యాక పందిరి కింద కూర్చున్నప్పుడు నాగపూర్‌లో పుట్టి పెరిగిన ఒక పిల్లవాడు తన నాయనమ్మ జబ్బ మీద పావలా బిళ్ళంత మచ్చ చూసి, కాలిందా, దెబ్బ తగిలిందా అని అడిగాడు. చిన్నప్పుడు వేసిన టీకా మచ్చ అని ఆమె చెప్పింది. తన చేతి మీద అలాంటిది ఎందుకు లేదో వాడికి అర్థం కాలేదు. పక్కన కూర్చున్న ఒక పెద్దాయన ముఖం నిండా గుంటలు. ఆయన ఏమీ మాట్లాడలేదు. ఆ మచ్చకూ ఈ గుంటలకూ మధ్య ఉన్న కథ మన పిల్లలకు తెలియదని అప్పుడు తోచింది. అందుకే ఈసారి ఈ జీవిత చరిత్ర.

ఎడ్వర్డ్ జెన్నర్ ఇంగ్లాండు దేశంలో గ్లాస్టర్‌షైర్ ప్రాంతంలోని బర్క్‌లీ అనే చిన్న ఊళ్లో 1749 మే 17న జన్మించారు. తండ్రి రెవ॥ స్టీఫెన్ జెన్నర్ ఆ ఊరి ఆంగ్లికన్ సంఘ కాపరి. తొమ్మిది మంది బిడ్డల్లో ఎడ్వర్డ్ ఎనిమిదోవాడు. అయిదేళ్ల వయసులో, 1754లో, తల్లిదండ్రులను కోల్పోయాడు. పెద్దన్న, ఆయన కూడా పాదిరిగారే, ఇంటి భారం మోసి తమ్ముణ్ణి పెంచాడు.

ఆ దినాల్లో మశూచి అంటే ఏమిటో మన పెద్దలకు చెప్పనక్కర లేదు. మన తెలుగువారు అమ్మవారు పోసింది అనేవారు. ప్రాణహిత ఇవతలి ఒడ్డున మరాఠీవారు దానినే దేవి అన్నారు. ఇంటి గుమ్మానికి వేపమండ కట్టేవారు, వంటలో తాలింపు మానేసేవారు, చుట్టాలు ఆ ఇంటి గడప తొక్కేవారు కాదు. ఈ చివరి కట్టుబాటు మాత్రం చాలా ప్రాణాలు కాపాడి ఉంటుందని నా అభిప్రాయం. జబ్బు సోకిన ప్రతి పదిమందిలో ఇద్దరు ముగ్గురు చనిపోయేవారు. బతికినవారికి ముఖం నిండా గుంటలు, కొందరికి కళ్ళు పోయేవి. రాజు, పేద అనే తేడా లేదు.

జెన్నర్ పుట్టే నాటికే దీనికి ఒక మందు ఉండేది, కానీ అది నిప్పుతో ఆటలాంటిది. తేలికపాటి మశూచి వచ్చిన మనిషి పొక్కులోని రసి తీసి, ఆరోగ్యంగా ఉన్న మనిషి చర్మం గీరి అందులో పెట్టేవారు. బెంగాలు ప్రాంతంలో టీకాదారులు చాలా కాలంగా చేస్తున్న పని అదే. టర్కీలో ఈ పద్ధతి చూసిన మేరీ మాంటేగ్యూ అనే దొరసాని 1721లో లండన్‌లో దానిని చేయించింది. చాలామంది తేలికపాటి జబ్బుతో బయటపడేవారు. కానీ నూటికి ఒకరిద్దరు చనిపోయేవారు, పైగా వారి నుండి ఇతరులకు అసలు మశూచి అంటుకునేది.

ఎనిమిదేళ్ల వయసులో ఎడ్వర్డ్‌కు ఇదే చేశారు. ముందుగా కొన్ని వారాలు రక్తం తీశారు, కడుపు మాడ్చారు. తరువాత రసి ఎక్కించి, జబ్బు దిగేవరకు తనలాంటి మరికొందరితో ఒక గుర్రపుశాలలో ఉంచారు. తల్లీ తండ్రీ లేని పిల్లవాడు అక్కడ ఎంత భయపడి ఉంటాడో ఊహించుకోండి. ఆ దినాలను ఆయన ముసలితనం వరకూ మరచిపోలేదు.

పద్నాలుగేళ్ల వయసు దాటకముందే సాడ్‌బరీ అనే ఊళ్లో ఒక సర్జన్ దగ్గర పని నేర్చుకోవడానికి చేరాడు. 21వ యేట, 1770లో, లండన్ వెళ్లి జాన్ హంటర్ అనే ప్రసిద్ధ సర్జన్ శిష్యుడయ్యాడు. ఏదైనా సందేహం వస్తే ఊహించుకుంటూ కూర్చోక, ప్రయోగం చేసి చూడాలన్నది ఆ గురువు నేర్పిన పాఠం. కెప్టెన్ కుక్ ఓడ ప్రయాణం నుండి తెచ్చిన జంతువుల నమూనాలను సర్దే పని జెన్నర్ చేశారు. రెండో ప్రయాణంలో కూడా రమ్మని పిలుపు వచ్చినా కాదని సొంత ఊరికి తిరిగి వచ్చి, పల్లెటూరి డాక్టరుగా గుర్రం మీద తిరిగారు. కోకిల జాతి పక్షి వేరే పక్షి గూట్లో పుట్టి, అక్కడి అసలు పిల్లలను బయటకు ఎలా నెట్టేస్తుందో ఓపికగా చూసి రాశారు. ఆ పరిశోధనే ఆయనను రాయల్ సొసైటీ సభ్యుణ్ణి చేసింది. 1788లో కేథరీన్ కింగ్స్‌కోట్ గారిని వివాహమాడారు.

పాలు పితికే స్త్రీలకు ఆవు పొదుగు నుండి చేతులకు ఒక రకం పొక్కులు వచ్చేవి. దానిని గోమశూచి అనవచ్చు. అది వచ్చినవారికి పెద్ద మశూచి రాదని ఆ పల్లెల్లో అందరూ అనుకునేవారు. జెన్నర్ కుర్రతనంలోనే ఒక పాలమ్మాయి నోట ఈ మాట విన్నారని ఆయన స్నేహితుడు తరువాత జీవిత చరిత్రలో రాశాడు. అది కల్పన అని నేటి చరిత్రకారులు కొందరు అంటున్నారు. ఇంకొక సంగతి కూడా నిజాయితీగా చెప్పాలి. బెంజమిన్ జెస్టీ అనే రైతు 1774లోనే తన భార్యకూ ఇద్దరు కొడుకులకూ ఆవు పొక్కుల రసి ఎక్కించాడు. కాబట్టి ఆలోచన జెన్నర్ ఒక్కడిదే కాదు. దానిని పరీక్షకు పెట్టి, రాసి, లోకమంతటికీ పంచినవాడు మాత్రం ఆయనే.

1796 మే 14న ఆ పరీక్ష జరిగింది. సారా నెల్మ్స్ అనే పాలు పితికే అమ్మాయి చేతికి బ్లాసమ్ అనే ఆవు నుండి పొక్కులు వచ్చాయి. ఆ రసి తీసి, తన తోటమాలి కొడుకు జేమ్స్ ఫిప్స్ చేతి మీద చిన్న గాట్లు పెట్టి అందులో వేశారు. ఆ బాబు వయసు ఎనిమిదేళ్లు, తాను గుర్రపుశాలలో పడుకున్న వయసే. వారం తరువాత వాడికి చంకలో నొప్పి, కొద్దిగా జ్వరం వచ్చి తగ్గిపోయాయి. జూలై 1న జెన్నర్ అదే పిల్లవాడికి అసలు మశూచి రసిని ఎక్కించారు. ఏమీ కాలేదు.

ఈ చోట నా మనసు ప్రతిసారీ ఆగుతుంది. ఆ తోటమాలి తన యజమానికి కాదని చెప్పగలిగేవాడా? అసలు రసి ఎక్కించడం ఆ కాలంలో అందరూ చేసే పనే, కాబట్టి జెన్నర్ కొత్తగా క్రూరత్వం చేయలేదని కొందరంటారు. అది నిజమే. అయినా నేడు ఏ ఆసుపత్రిలోనూ అలా చేయనివ్వరు, చేయనివ్వకపోవడమే సరి. ఆయన తన సొంత కొడుకు రాబర్ట్‌కు కూడా, పదకొండు నెలల పసివాడిగా ఉన్నప్పుడు, ఆవు రసి వేశారు గాని అది పట్టలేదు.

ఒక్క పిల్లవాడి సాక్ష్యం చాలదని రాయల్ సొసైటీ ఆయన వ్యాసాన్ని తిప్పి పంపింది. ఆయన మరికొన్ని కేసులు పోగుచేసి 1798లో సొంత ఖర్చుతో పుస్తకం వేయించారు. లాటిన్ భాషలో ఆవును వాకా అంటారు, వ్యాక్సిన్ అనే మాట అందులో నుండే పుట్టింది. ఎగతాళి చేసినవారికి కొదవ లేదు. టీకా వేసుకున్నవారి ఒంటి మీద ఆవులు మొలుస్తున్నట్టు 1802లో గిల్‌రే అనే ఆయన కార్టూన్ గీశాడు. టీకా అంటే ఇప్పుడు మన సెల్‌ఫోన్లలో తిరిగే పుకార్లకు తాతలు అప్పుడే ఉన్నారన్నమాట.

జెన్నర్ దీని మీద పేటెంటు తీసుకోలేదు. ఎవరు అడిగినా రసిని దారం మీద ఆరబెట్టి పంపేవారు. తన తోటలోని చిన్న గుడిసెలో బీదలకు ఉచితంగా టీకాలు వేసేవారు. ఉత్తరాలకు జవాబులు రాయడంలో డాక్టరు వృత్తి దెబ్బతిన్నది. పార్లమెంటు 1802లో 10,000 పౌండ్లు, 1807లో 20,000 పౌండ్లు ఇచ్చింది. కలకత్తా, బొంబాయి, మద్రాసు పట్టణాల్లో కూడా ఆయన కోసం చందాలు పోగుచేసి పంపారు.

మన దేశానికి ఆ రసి రావడమే ఒక కథ. ఓడల్లో నెలల తరబడి వస్తే ఎండలకు అది చెడిపోయేది. చివరికి వియన్నా నుండి బాగ్దాదుకు, అక్కడి నుండి బస్రాకు, అక్కడి నుండి బొంబాయికి చేరింది. 1802 జూన్ 14న బొంబాయిలో ఆన్నా డస్ట్‌హాల్ అనే మూడేళ్ల పాపకు వేసిన టీకా పట్టింది. ఆ పాప చేతి నుండి ఇంకొకరికి, వారి నుండి మరొకరికి, అలా అదే సంవత్సరం హైదరాబాదుకూ మద్రాసుకూ చేరింది. ఓడలో ప్రయాణం చేసే పిల్లలకు ఒకరి తరువాత ఒకరికి వేస్తూ మద్రాసు నుండి కలకత్తాకు తీసుకువెళ్లారు.

బాప్టిస్టులైన మనకు తెలియవలసిన పేరు ఒకటి ఇక్కడ ఉంది. విలియం కేరీ గారి పెద్ద కుమారుడు ఫెలిక్స్ కేరీ 1807లో రంగూను వెళ్లి బర్మా దేశంలో మొదటిసారిగా ఈ టీకాలు ప్రవేశపెట్టారు. రాజుగారు తన కుటుంబానికి టీకా వేయడానికి ఆవా పట్టణానికి పిలిపించుకున్నారు. 1814లో అక్కడికి వెళ్తుండగా ఇరావతి నదిలో పడవ మునిగి ఆయన భార్య, పిల్లలు చనిపోయారు. తరువాత కాలంలో మన తెలుగువారు వేలమంది రంగూనుకు వలస వెళ్లారు. వారిలో ఈ సంగతి తెలిసినవారు ఎందరో!

సిరోంచ వైపు చూద్దాం. 1947కు ముందు ఈ ఒడ్డు సెంట్రల్ ప్రావిన్సులలో చాందా జిల్లా, ఆ ఒడ్డు నిజాం రాజ్యం. అధికారులు వేరు, చట్టాలు వేరు. కానీ జనం పడవల మీద అటూ ఇటూ తిరిగేవారు, సంతకూ కాళేశ్వరానికీ పోయి వచ్చేవారు, మశూచి కూడా వారితోపాటే. చేతి నుండి చేతికి వేసే పద్ధతి తల్లులకు నచ్చేది కాదు. తన బిడ్డ పొక్కును గిల్లి వేరేవారికి పూయడానికి ఏ తల్లి ఒప్పుకుంటుంది? తరువాత దూడల మీద రసి పెంచడం మొదలైంది. మద్రాసు గిండీలో 1899లో కింగ్ ఇన్‌స్టిట్యూట్ ఆ పని కోసమే ఏర్పడింది. హైదరాబాదులో కూడా టీకా మందు తయారైంది. ఎండకు చెడని పొడి మందు, రెండు మొనల సూది వచ్చాక, 1960ల చివరి నుండి పని వేగం పుంజుకుంది.

జెన్నర్‌కు వైరస్ అనే మాట కూడా ఈనాటి అర్థంలో తెలియదు. మశూచిని కలిగించేది డి.ఎన్.ఏ. వైరస్. ఆర్.ఎన్.ఏ. వైరస్‌లైన ఫ్లూ, కరోనాల కంటే ఇవి సాధారణంగా నెమ్మదిగా మారతాయి. అందుకే పాత టీకా తరాల తరబడి పనిచేసింది. మశూచి మనుషులకు తప్ప జంతువులకు రాదు, వస్తే ముఖం మీదే కనబడుతుంది, లోపల దాగదు. మరికొన్ని డి.ఎన్.ఏ. వైరస్‌లు అలా కాదు. ఆటలమ్మను కలిగించే వైరస్ నరాల్లో దాగి, ముసలితనంలో సర్పిగా లేస్తుంది. హెపటైటిస్ బి కాలేయంలో ఏళ్ల తరబడి ఉండి, ప్రసవంలో తల్లి నుండి బిడ్డకు సోకుతుంది. హెచ్.పి.వి. స్త్రీలకు గర్భాశయ ముఖద్వారపు క్యాన్సర్ తెస్తుంది. ఈ మూడింటికీ టీకాలు ఉన్నాయి. హెపటైటిస్ బి టీకాను 1997లో మన హైదరాబాదులోనే శాంతా బయోటెక్నిక్స్ వారు చవకగా తయారుచేశారు. వలస పనుల మీద ఊళ్లు మారే మన కుటుంబాల్లో పిల్లల టీకా కార్డు ఏ పెట్టె అడుగునో పోవడం చూస్తుంటాను. ఆ కార్డును రేషన్ కార్డు పక్కనే పెట్టండి.

జెన్నర్ చివరి దినాలు సుఖంగా గడవలేదు. పెద్ద కొడుకు 1810లో, భార్య 1815లో క్షయతో చనిపోయారు. ఆ తరువాత ఆయన బర్క్‌లీ దాటి పెద్దగా వెళ్లలేదు. ఒకసారి వేస్తే జన్మంతా చాలునని ఆయన నమ్మారు, అది తప్పు. కొన్నేళ్ల తరువాత మళ్లీ వేయాలని వేరేవారు కనుగొన్నారు. 1823 జనవరి 26న పక్షవాతంతో ప్రభువునందు నిద్రించారు. తండ్రి సేవ చేసిన బర్క్‌లీ చర్చిలోనే సమాధి చేశారు. జేమ్స్ ఫిప్స్ పెద్దవాడై పెండ్లి చేసుకున్నప్పుడు జెన్నర్ అతనికి అద్దె లేకుండా ఒక ఇల్లు ఇచ్చారు. 1853లో చనిపోయిన ఫిప్స్‌ను కూడా అదే చర్చి దగ్గర పాతిపెట్టారు.

మన దేశంలో మశూచి 1975 మే నెలతో ఆగిపోయింది. లోకంలో సహజంగా చివరిసారి సోకినవాడు సోమాలియా దేశపు ఆసుపత్రి వంటమనిషి అలీ మావ్ మాలిన్, అది 1977 అక్టోబరు. 1980 మేలో ప్రపంచ ఆరోగ్య సంస్థ ఈ జబ్బు భూమి మీద లేదని ప్రకటించింది. టీకాలు వేయడం ఆగిపోయింది. పెండ్లి పందిరి కింద ఆ పిల్లవాడికి ఇదంతా చెప్పేసరికి నిద్ర వచ్చేసింది. ముఖం మీద గుంటలున్న ఆ పెద్దాయన మాత్రం చివరి వరకూ విన్నాడు. తరువాత తన చెల్లెలి పేరు చెప్పి, ఆమెకు టీకా వేయించలేదని అన్నాడు.