కొబేన్ పాత స్వెట్టరు
అమెరికాలో వాషింగ్టన్ రాష్ట్రమందలి అబర్డీన్ కలపకోతకు పేరొందిన చిన్న పట్టణము. సంగీతకారుడు కర్ట్ కొబేన్ 1967 ఫిబ్రవరి 20న అచట జన్మించెను. వాన విడువని ఆ సీమలో గళ్ల ఫ్లానెల్ చొక్కా కూలివాని నిత్యవస్త్రము. కొబేన్ మిక్కిలి బక్కపలుచనివాడు. ఆ సన్నదనమును దాచుకొనుటకై చొక్కాపై చొక్కా తొడిగెడివాడు. అవియు తఱచుగా పాతబట్టల దుకాణములలో కొన్నవే.

1991లో ‘నెవర్‌మైండ్’ సంపుటితో అతని బృందము పేరు (అది మన ‘నిర్వాణ’ శబ్దమే!) లోకమెల్ల మారుమ్రోగెను. గ్రంజ్ అను పేర ఆ వేషమును వ్యాపించెను. 1992 నవంబరులో మార్క్ జేకబ్స్ అను రూపకర్త, పెర్రీ ఎల్లిస్ సంస్థ పక్షమున, ఫ్లానెల్ గళ్లను పట్టుపై అచ్చొత్తించి న్యూయార్కులో ప్రదర్శించెను. పిదప అతని ఉద్యోగము పోయెను. చలికి పుట్టిన చొక్కాను పట్టుతో కుట్టుట నాకు వింతగనే తోచును. నేడు ఆ వేషము కోరువారు చింపి అమ్మెడి కొత్తబట్టలు కొననేల? అన్నగారి వదులు చొక్కా, మోచేతుల కడ అరిగిన స్వెట్టరు ఇంటిపెట్టెలోనే దొరకును గదా!

1993 నవంబరు 18న న్యూయార్కు ఎం.టి.వి. కచేరిలో కొబేన్ తొడిగిన స్వెట్టరు అట్టిదే: ఒక బొత్తాము ఊడినది, సిగరెట్టు కాలిన రంధ్రము గలది. 1994 ఏప్రిల్‌లో, 27వ యేట, సియాటిల్‌లో అతడు ఆత్మహత్య చేసికొనెను. 2019 వేలములో ఆ స్వెట్టరు 3,34,000 డాలర్లు పలికెను. అంతవరకును దానిని ఉదుకనే లేదట.