లేబర్ మెంబర్ అంబేద్కర్, ఊపిరితిత్తుల్లో రాతిధూళి

ద్వారకా తిరుమల నుంచి ఏలూరు వెళ్ళే దారిలో పేటపేటకూ బాబాసాహెబ్ విగ్రహం ఉంది. చేతిలో రాజ్యాంగం. ఆయన నాలుగేళ్ళు ఈ దేశపు గని కార్మికుల బాధ్యత చూశారని ఆ విగ్రహాలు చెప్పవు, మన జయంతి సభలూ పెద్దగా చెప్పవు.

1891లో మౌలో పుట్టడం, కొలంబియా, లండన్ చదువులు అందరికీ తెలిసినవే. మాకు ముఖ్యమనిపించేది పరేల్. బొంబాయి మిల్లు కార్మికుల మధ్య, ఇరుకు చాల్‌లో ఆయన చాలా ఏళ్ళు కాపురం ఉన్నారు. మిల్లుల్లో నేత ఖాతాలోకి అంటరానివాళ్ళను రానిచ్చేవారు కాదు. నాడెలో దారం మార్చేటప్పుడు నోరు తగులుతుంది, వీళ్ళ ఎంగిలి మైల అని సాటి కార్మికులే అడ్డుపడేవారు. మిగిలింది కూలి తక్కువగా ఉండే, పత్తి దుమ్ము ఎగిరే వడుకు ఖాతా. 1928 సమ్మె రోజుల్లో అంబేద్కర్ దీన్ని నిలదీశారు. 1936లో ఇండిపెండెంట్ లేబర్ పార్టీ పెట్టారు.

1942 జులైలో వైస్రాయ్ కార్యనిర్వాహక మండలిలో లేబర్ మెంబర్ అయ్యారు. 1943 డిసెంబరులో ధన్‌బాద్ వైపు బొగ్గు గనులు చూసి వచ్చారు. 1944లో బొగ్గు కార్మికుల సంక్షేమ నిధి వచ్చింది. ఆ సెప్టెంబరు ఆఖరులోనే పర్యటనలో భాగంగా మా ఏలూరుకూ వచ్చారు. యుద్ధం పేరుతో ఆడవాళ్ళను మళ్ళీ భూగర్భ గనుల్లోకి దించిందీ ఆయన హయాంలోనే, 1946లో ఆపిందీ అప్పుడే. మొదటిది దాచడం మాకిష్టం లేదు.

1946లో మైకా కార్మికుల సంక్షేమ నిధి చట్టం వచ్చింది. ఎగుమతయ్యే మైకా మీద సుంకం వేసి కార్మికులకు వైద్యం, నీళ్ళు, ఇళ్ళు చూడాలి. బిహార్‌తో పాటు మన నెల్లూరు జిల్లా గూడూరు వైపు గనులకూ అది వర్తించింది. మైకా పొరలు పలుగురాయిని అంటుకుని ఉంటాయి. ఆ రాయి తొలిచినప్పుడు లేచే సన్నదుమ్మే సిలికోసిస్ తెస్తుంది.

కోలారు బంగారు గనులు మైసూరు సంస్థానంలోవి, ఢిల్లీ చేతిలోవి కావు. చిత్తూరు, ఉత్తర ఆర్కాటుల నుంచి వెళ్ళిన దళితులు ఎందరో అక్కడ పనిచేశారు. 1940ల్లో 7,653 మందిని పరీక్షిస్తే 43.7 శాతం మందికి సిలికోసిస్ తేలింది.

తేల్చడం ఎలా? ఛాతీ ఫిల్మును నమూనా ఫిల్ముల పక్కన పెట్టి, చిన్న మచ్చలు ఎంత దట్టంగా ఉన్నాయో 0 నుంచి 3 దాకా వర్గం ఇస్తారు. ఇప్పటి అంతర్జాతీయ కార్మిక సంస్థ పద్ధతిలో ఇవి పన్నెండు మెట్లు. 1/0 అంటే ఒకటని చదివాం, సున్నా కావచ్చునేమో అనీ చూశాం. 0/1 అంటే దానికి తిరగేసి. పరిహారం తేల్చడానికి ఈ వర్గీకరణ కాదని ఆ సంస్థే అంటుంది. కానీ కార్మికుడి చేతిలో వేరే కాగితం ఏముంది? పని చేసినట్టు మస్టర్ ఉండదు, మేస్త్రీ గుర్తుపట్టడు.

అంబేద్కర్ 1946లో ఆ పదవి వదిలారు. ఆయన హయాంలో పునాది పడిన ఉద్యోగుల రాజ్య బీమా 1948లో చట్టమైంది. 1956 డిసెంబరు 6న కన్నుమూశారు.

మా పరిశోధనలో చూసిన ఒక క్వారీ కార్మికుడి ఫైలులో మూడు ఎక్స్‌రేలున్నాయి. మూడింటి మీదా టీబీ అనే రాశారు. ఏం పని చేస్తావని ఏ కాగితం మీదా అడగలేదు.