యంత్రానికి మాటలు నేర్పిన విదుషి

1906లో న్యూయార్కులో జన్మించిన గ్రేస్ హాపర్ వాసర్ కళాశాలలో అధ్యాపకురాలై, యేల్ విశ్వవిద్యాలయంలో గణితశాస్త్ర డాక్టరేటు పొందారు. 1943లో అమెరికా నౌకాదళంలో చేరి, మరుసటి సంవత్సరం హార్వర్డులోని మార్క్ వన్ గణనయంత్రం వద్ద నియమితులైనారు.

ఆమె గమనించిన విషయం చిన్నదిగానే తోచును. ఒకరు సరిచూచి సిద్ధపరచిన ఆజ్ఞలను ఇతరులు నోటు పుస్తకాల నుండి చేతితో ఎత్తి వ్రాసుకొనేవారు. ప్రతి ఎత్తివ్రాతలోను తప్పులు దొర్లేవి. ఆ చాకిరీ యంత్రానికే అప్పగించరాదా? 1952నాటి ఏ-జీరో ఈ ప్రశ్నకు సమాధానం. సిద్ధంగా ఉన్న భాగాలను టేపు నుండి ఏరి అదియే కూర్చేది.

జీతాల పట్టీలు, సరకు నిల్వలు చూచేవారికి గణిత సంకేతాలు కొరుకుడుపడవు. కనుక ఆజ్ఞలు సాధారణ ఆంగ్ల పదాలలో ఉండాలని ఆమె వాదించారు. యంత్రానికి ఇంగ్లీషు తెలియదని యాజమాన్యం త్రోసిపుచ్చింది. ఆమె చేసి చూపారు. అదే ప్రోగ్రామును ఫ్రెంచి, జర్మను మాటలతో కూడ నడపగా, పెద్దలు సంతోషించుటకు బదులు బెదిరిపోయారు! యంత్రానికి ఏ మాటయైనా గుర్తు మాత్రమేనని నచ్చజెప్పుటకు నెలలు పట్టింది. అట్లు వెలసినదే ఫ్లో-మాటిక్.

1959లో ఆరంభమైన కోబాల్ భాషకు ఆమెయే కర్త అనడం అతిశయోక్తి; అది సంఘం రచించినది. అయినను దాని పునాదిలో అధికభాగం ఫ్లో-మాటిక్‌దే.

1986లో, 79 ఏండ్ల వయస్సున, రియర్ అడ్మిరల్‌గా నౌకాదళం నుండి విరమించిన హాపర్ 1992 జనవరి 1న కన్నుమూశారు.