కోటా రామస్వామి: రెండు ఆటలు, ఒక అదృశ్యం

2025 ఫిబ్రవరి మొదటి వారాంతం. ఢిల్లీలోని ఆర్.కె. ఖన్నా టెన్నిస్ స్టేడియంలో భారత్, టోగో మధ్య డేవిస్ కప్ పోటీ. ప్రత్యర్థి చిన్నది, ఫలితం ముందే తెలిసినట్టే ఉంది. స్టాండ్స్‌లో జనం చలి ఎండ కాచుకుంటూ పల్లీలు నములుతూ చూస్తున్నారు. డబుల్స్‌లో శ్రీరామ్ బాలాజీ పక్కన హైదరాబాద్ కుర్రాడు రిత్విక్ చౌదరి బొల్లిపల్లి దేశం తరఫున తొలిసారి ఆడాడు. మ్యాచ్ తేలిగ్గానే గెలిచారు. మర్నాటి పేపర్లలో చిన్న వార్త, అంతే.

దానికి 103 ఏళ్ల ముందు, ఇదే కప్పులో, ఇదే డబుల్స్‌లో మరో తెలుగింటి అబ్బాయి భారత్ తరఫున రాకెట్ పట్టాడు. 14 ఏళ్లు పోయాక అతనే బ్యాటు పట్టుకుని ఇంగ్లండ్ మీద టెస్ట్ మ్యాచ్ ఆడాడు. డేవిస్ కప్పూ, టెస్ట్ క్రికెట్టూ రెండూ ఆడిన భారతీయుడు ఆయనొక్కడే. పేరు కోటా రామస్వామి. టెన్నిస్ అభిమానులం రాత్రి రెండింటిదాకా మేలుకుని ఫెడరర్ గొప్పా, జకోవిచ్ గొప్పా అని కొట్టుకుంటాం కదా, ఆ వాదనల్లో ఈ పేరు నేను ఒక్కసారి కూడా వినలేదు.

రామస్వామి 1896 జూన్ 16న మద్రాసులో పుట్టారు. తండ్రి బుచ్చిబాబు నాయుడు. మద్రాసు క్రికెట్‌కు పితామహుడని చెప్పుకునే మనిషి. ఇప్పటికీ ఆయన పేరు మీద బుచ్చిబాబు టోర్నమెంట్ జరుగుతోంది. మైలాపూర్‌లో లజ్ హౌస్ అనే పెద్ద బంగళా, తరతరాలుగా ఇంగ్లిష్ కంపెనీల దగ్గర దుబాసీలుగా సంపాదించిన ఆస్తి. ఆ రోజుల్లో చేపాక్ మైదానం తెల్లవాళ్ల క్లబ్బుది. అక్కడ ఆడటానికి వెళ్లిన భారతీయులకు పెవిలియన్‌లో చోటు లేదు, చెట్టు కిందే భోజనం. అది తట్టుకోలేక బుచ్చిబాబు 1888లో మద్రాస్ యునైటెడ్ క్లబ్ పెట్టి, మనవాళ్లను పోగేసి ఆట నేర్పించారు. తెల్లవాళ్ల జట్టుతో భారతీయ జట్టు సమానంగా తలపడే మ్యాచ్ ఒకటి కుదిర్చారు కూడా. సరిగ్గా అది మొదలయ్యే ముందే, 1908 డిసెంబర్‌లో కన్నుమూశారు. అప్పటికి రామస్వామికి 12 ఏళ్లు.

ఇంటిపేరు వేరేగా ఎందుకుందంటే, తల్లి వైపు తాతగారు ఆయన్ని దత్తత తీసుకున్నారు. అన్నలు తండ్రి ఇంటిపేరుతో క్రికెట్ ఆడారు, ఈయన కోటా వారి అబ్బాయిగా ఆడారు.

మద్రాసు ప్రెసిడెన్సీ కాలేజీలో చదువుకుని, మొదటి ప్రపంచ యుద్ధం అయ్యాక కేంబ్రిడ్జ్ చేరారు. అక్కడ ఆయన్ని వరించింది టెన్నిస్. యూనివర్సిటీ తరఫున ఆడినవాళ్లకిచ్చే బ్లూ టెన్నిస్‌లో వచ్చింది, క్రికెట్‌లో రాలేదు. పుట్టింటి ఆటలో దక్కని గుర్తింపు పక్కింటి ఆటలో దక్కిందన్నమాట.

1921లో భారత్ తొలిసారి డేవిస్ కప్ బరిలో దిగి, పారిస్‌లో ఫ్రాన్స్‌నే ఓడించింది. మరుసటి ఏడాది జట్టులోకి రామస్వామి వచ్చారు. డాక్టర్ ఎ.హెచ్. ఫైజీతో జోడీ కట్టి డబుల్స్ ఆడారు. రొమేనియాపై గెలిచాం, స్పెయిన్ దగ్గర ఆగిపోయాం. ఆ రోజుల్లోనే వింబుల్డన్‌లోనూ ఆడారు. వింబుల్డన్ ఇప్పుడున్న చర్చ్ రోడ్ ప్రాంగణానికి మారింది కూడా 1922లోనే.

ఇక్కడో మాట చెప్పకుండా ఉండలేను. అప్పుడు డేవిస్ కప్ అంటే ఐదు సెట్ల యుద్ధం, పైసా రాదు. ప్రొఫెషనల్స్‌కు పెద్ద టోర్నీల తలుపులు తెరుచుకున్నది 1968లో. ఇప్పుడు ఐదు సెట్లను మూడుకు కుదించారు, అయినా పెద్ద ఆటగాళ్లు రావడం లేదు. 2025 ఫైనల్స్ సొంతగడ్డ బొలోన్యాలో జరిగితే యానిక్ సినర్ విశ్రాంతి కావాలని తప్పుకున్నాడు. అతను లేకుండానే ఇటలీ గెలిచింది. సినర్‌ని తప్పుపట్టలేను. ఏడాదిలో పదకొండు నెలలు దేశాలు తిరిగే మనిషికి ఒళ్లు అలిసిపోదా? తప్పు క్యాలెండర్‌ది. కానీ ఐదు సెట్లు తీసేశాక డేవిస్ కప్‌లో ఏదో ఉప్పు తగ్గిందన్నది మాత్రం నా గట్టి అభిప్రాయం.

రామస్వామి ఇంటికి తిరిగొచ్చి మద్రాసు ప్రభుత్వ వ్యవసాయ శాఖలో ఉద్యోగం చేసుకున్నారు. సెలవు దొరికితే టెన్నిస్, దొరికితే క్రికెట్. మామూలుగా అయితే కథ ఇక్కడే ముగిసిపోవాలి. కానీ 1936లో ఇంగ్లండ్ వెళ్లే భారత క్రికెట్ జట్టులో ఆయన పేరు వచ్చింది. వయసు 40కి దగ్గర పడింది!

ఆ జట్టు గురించి తెలుగువాళ్లం ఒకింత ఇబ్బందిగానే మాట్లాడుకోవాలి. కెప్టెన్ మన విజయనగరం మహారాజకుమార్, అదే విజ్జీ. ఆటకన్నా పలుకుబడితో కెప్టెన్ అయిన మనిషి. మూడు టెస్టుల్లో కలిపి ఆయన చేసినవి 33 పరుగులు. అదే జట్టులో సి.కె. నాయుడు, ఆయన తమ్ముడు సి.ఎస్. నాయుడు, మన రామస్వామి. తెలుగు మూలాలున్నవాళ్లు ఇంతమంది ఉన్న ఆ జట్టు ముఠాలుగా చీలిపోయింది. లాలా అమర్‌నాథ్‌ను మధ్యలోనే ఇంటికి పంపేశారు. మద్రాసుకే చెందిన ఎం.జె. గోపాలన్ ఆ ఏడాది బెర్లిన్ ఒలింపిక్స్ హాకీ వదులుకుని ఈ టూర్‌కు వచ్చారు. ఒక్క టెస్ట్ కూడా ఆడించలేదు. అక్కడ హాకీ జట్టు స్వర్ణం గెలిచింది.

ఇంత రచ్చ మధ్య, జూలై 25న ఓల్డ్ ట్రాఫర్డ్‌లో రామస్వామి టెస్టుల్లోకి అడుగుపెట్టారు. నలభై దాటి నెలా పది రోజులు. భారత్ తరఫున అంతకంటే పెద్ద వయసులో తొలి టెస్ట్ ఆడింది రుస్తుంజీ జంషెడ్జీ ఒక్కరే. మొదటి ఇన్నింగ్స్‌లో జట్టు 203కే కుప్పకూలితే, ఎడమచేతివాటం రామస్వామి 40 కొట్టారు. రెండో ఇన్నింగ్స్‌లో మర్చంట్, ముస్తాక్ అలీ తొలి వికెట్‌కు 203 జోడించారు. ఆ భాగస్వామ్యం గురించి అందరూ రాశారు. ఆ తర్వాత వచ్చి ఈయన చేసిన 60 గురించి రాసినవాళ్లు తక్కువ. మ్యాచ్ డ్రా అయింది. తర్వాతి టెస్టులో, ఓవల్‌లో 29, 41 నాటౌట్.

మొత్తం రెండు టెస్టులు, 170 పరుగులు, సగటు 56.66. తర్వాత పదేళ్లపాటు భారత్‌కు టెస్టులే లేవు, మధ్యలో యుద్ధం. 1946లో మళ్లీ ఇంగ్లండ్ వెళ్లేసరికి ఆయనకు 50. కాబట్టి ఆ సగటు అలాగే నిలిచిపోయింది. రెండు టెస్టుల సగటుకు విలువేముందని లెక్కల మనుషులు అంటారు. సరే. కానీ 38 ఏళ్ల జకోవిచ్ సెమీస్‌కు వచ్చాడని ముక్కున వేలేసుకునే మనం, ఫిజియోలూ ఐస్ బాత్‌లూ లేని రోజుల్లో ఒక సర్కారు ఉద్యోగి నలభై ఏళ్లకు కొత్త ఆటలో దేశానికి ఆడి, అందరికంటే నిలకడగా నిలబడ్డాడంటే ఏమనాలి?

తర్వాతి జీవితమంతా ఆట చుట్టూనే. టెస్ట్ సెలక్టర్‌గా పనిచేశారు. 1953లో వెస్టిండీస్ వెళ్లిన జట్టుకు మేనేజర్. తన ఆటల జ్ఞాపకాలతో ర్యాంబ్లింగ్స్ ఆఫ్ ఎ గేమ్స్ అడిక్ట్ అనే పుస్తకం రాశారు. ఆటల పిచ్చోడినని పుస్తకం అట్ట మీదే ఒప్పేసుకున్నారు.

1990 నాటికి ఆయనకు 93 ఏళ్లు. బతికున్న భారత టెస్ట్ ఆటగాళ్లలో అందరికన్నా పెద్ద. సంక్రాంతి రోజులవి. జనవరి 15న మద్రాసులోని తన ఇంట్లోంచి బయటికి నడిచారు. తిరిగి రాలేదు. మృతదేహం కూడా దొరకలేదు.

మా నోయిడా సొసైటీ వాట్సాప్ గ్రూపులో ప్రతి చలికాలం ఇలాంటి ఫొటో ఒకటైనా వస్తుంది. స్వెటరు, మఫ్లరు, చేతికర్ర, ఉదయం ఆరింటికి గేటు దాటినట్టు సీసీటీవీలో కనిపించిన తాతగారు. ఎక్కువమంది సాయంత్రానికి ఏదో మెట్రో స్టేషన్‌లోనో, గుడి మెట్ల మీదో దొరుకుతారు. గ్రూపులో దండం బొమ్మలు వరుస కడతాయి. 1990లో మద్రాసులో కెమెరాలు లేవు, ఫోన్లు లేవు. ఆ ఇంటివాళ్లు ఎన్ని సాయంత్రాలు గేటువైపు చూసి ఉంటారో.

గణాంకాల పుస్తకాలవాళ్లకు మాత్రం పెద్ద చిక్కొచ్చి పడింది. ఆటగాడి పేరు ఎదుట పుట్టిన తేదీ, చనిపోయిన తేదీ వెయ్యాలి. ఈయనకు రెండోది ఏమని వేస్తారు? చివరికి ఇల్లు వదిలి వెళ్లిన తేదీనే రాసి, మరణించినట్టు భావిస్తున్నామని పక్కన చేర్చారు. ఇప్పటికీ వెతికితే 1990 జనవరి 15 దగ్గర ఆ మాటే కనిపిస్తుంది.