యంత్రశిల్పి జేమ్సు వాట్టు



కొలిమియు, ఉలియు, ఆకురాయియు జీవనాధారముగా గల మన విశ్వబ్రాహ్మణులకు యంత్రశిల్పుల చరిత్రములు పరాయివి కావు. స్కాట్లండు దేశీయుడగు జేమ్సు వాట్టు మన కులజుడు కాకపోయినను మనకు వృత్తిబంధువు. 1929 లో స్థాపితమైన ఉస్మానియా ఇంజనీరింగు కళాశాల మన గోల్నాకకు చేరువనే యున్నది. ఆ కళాశాలను గోరు మన యువకులకును, కొలిమియొద్ద నిలిచిన వారి తండ్రులకును ఈ మహాశయుని జీవితము సమానముగా ఉపకరించునని తలచి యిట వివరించుచున్నాము.

కాగుచున్న నీళ్లపాత్ర మూత యెగురుట చూచి బాలుడగు వాట్టు ఆవిరియంత్రమును కనిపెట్టెనను కథ నమ్మదగినది కాదు. ఆతడు జన్మించుటకు ఇరువదినాలుగేండ్లు ముందే, 1712 లో, ఇనుపసామానుల వర్తకుడగు థామస్ న్యూకోమెన్ గనులలోని నీటిని తోడుటకై ఆవిరియంత్రమును నిలిపియుండెను. వాట్టు దాని లోపమును కనుగొని సవరించినవాడు. ఆ సవరణమునకు ఒక చిన్న నమూనాయే మూలమయ్యెను.

వాట్టు 1736 జనవరి 19 న గ్రీనాక్ పట్టణమున జన్మించెను. తండ్రి ఓడల పనివాడు, వర్తకుడు. తండ్రి కార్ఖానాలో బాలుడు చిన్న చిన్న యంత్రముల నమూనాలు చేయుచు చేతిపని నేర్చెను. 1755 లో లండను నగరమునకేగి గణితపరికరముల నిర్మాణమును ఒక్క సంవత్సరము మాత్రమే అభ్యసించెను. ఆనాటి నియమము ఏడేండ్ల శుశ్రూష. ఆ కారణముననే గ్లాస్గోలోని లోహకారుల శ్రేణి ఆతనికి అంగడి పెట్టుకొన అనుమతి నొసగలేదని జీవితచరిత్రకారులు వ్రాసిరి. వృత్తివారు మూసిన తలుపును విద్వాంసులు తెరచిరి. 1757 లో గ్లాస్గో విశ్వవిద్యాలయము తన ప్రాంగణముననే ఆతనికొక పనిగదిని ఒసగెను.

1763 వ సంవత్సర ప్రాంతమున ఆ విద్యాలయమువారి న్యూకోమెన్ యంత్రపు నమూనా మరమ్మతునకై ఆతని చేతికి వచ్చెను. దాని సిలిండరు అడ్డుకొలత రెండంగుళములు. బాగుచేసిన పిమ్మటను అది కొన్ని పోటులకే ఆగిపోవుచుండెను. సామాన్యుడైనచో పనితనమున లోపమని విడిచియుండును. వాట్టు గ్రంథముల నాశ్రయించెను. డెసగులియే, బెలిడోర్ అనువారు అంతకు పూర్వము రచించిన యంత్రశాస్త్రములను పఠించెను. లీయుపోల్డు అను జర్మను యంత్రజ్ఞుని చిత్రసహిత సంపుటములను చదువగోరి జర్మను భాషను సైతము అభ్యసించెను.

నమూనాలు చేయువారు ఎరుగదగిన రహస్యమొకటి ఇందున్నది. కొలతలన్నియు సగమునకు తగ్గించినచో లోపలి చోటు ఎనిమిదవ వంతగును. గోడల వైశాల్యము మాత్రము నాలుగవ వంతే యగును. కావున చిన్న సిలిండరు తనలోని ఆవిరికొలదికి మించి వేడిని మ్రింగును. ఇదియే పెద్ద యంత్రమున దాగియున్న దోషమును చిన్న యంత్రమున బయటపెట్టెను. ఆ యంత్రమున ఆవిరిని చల్లార్చుటకు సిలిండరులోనికే చన్నీరు చిమ్ముదురు. ప్రతి పోటునకును సిలిండరును మరల వేడిచేయవలసివచ్చి, బొగ్గులో అధికభాగము వ్యర్థమగుచుండెను. 1765 లో వాట్టునకు ఉపాయము స్ఫురించెను: సిలిండరును ఎల్లప్పుడు వేడిగనే యుంచి, ఆవిరిని వేరొక పాత్రలోనికి పంపి అచ్చట చల్లార్చవలెను. వెంటనే ఇత్తడి పిచికారితో చిన్న నమూనా చేసి ఆ ఉపాయమును పరీక్షించెను.

అయినను పెద్ద యంత్రము వెంటనే సిద్ధింపలేదు. 1769 లో పేటెంటు లభించెను గాని, ఆవిరి చొరబడని గుండ్రని సిలిండరును చేయగల హస్తము దొరకలేదు. ఫిరంగిగొట్టములు తొలుచుటలో ఆరితేరిన జాన్ విల్కిన్సన్ ఆ కొరతను తీర్చెను. 1775 లో వాట్టు బర్మింగుహాము నివాసి మాథ్యూ బౌల్టనుతో భాగస్థుడయ్యెను. 1776 లో వారి యంత్రములు పనికి దిగెను. పుస్తకమునుండి పుట్టిన ఊహ, నేర్పరియగు లోహకారుని చేతికొరకు పదునొకండేండ్లు వేచియుండెనని గ్రహింపవలెను.

వాట్టు 1819 ఆగస్టు 25 న కీర్తిశేషుడయ్యెను. వార్ధక్యమున సైతము ఇంటి మీదిగదిలో తరిమెనయొద్ద పనిచేయుచునే యుండెను. ఆ గదిలోని పనిముట్లు ఇప్పటికిని లండను విజ్ఞానప్రదర్శనశాలలో భద్రముగా నున్నవి.

మనకు చేతిపని వంశపరంపరగా వచ్చినది; గ్రంథపరిచయమే కొరత. కళాశాలకేగిన పిల్లలకు గ్రంథమబ్బినది. వారిలో పలువురకు ఆకురాయి పట్టుట తెలియదు. మన వృత్తిని నేర్వగోరి వచ్చిన అన్యుని గడపలోనే నిలిపివేయు శ్రేణివారివలె మనము ప్రవర్తింపరాదు. పోషకులగు ధనవంతులు మన విద్యార్థి వసతిగృహమున పాత యంత్రశాస్త్రగ్రంథములు కొన్నింటిని, ఒక తరిమెనను, ఒక చిన్న కొలిమిని సమకూర్పవలెనని వేడుచున్నాము. అచ్చట వృద్ధుడగు కమ్మరియు, చదువుకొన్న మనుమడును ఒకే బల్లయొద్ద ఒక చిన్న నమూనాను నిర్మించిననాడు మన మహాసభ సార్థకమగును. విశ్వకర్మ భగవానుడు మన పూనికను సఫలము చేయుగాక!