లూయిస్ హెరాల్డ్ గ్రే

లూయిస్ హెరాల్డ్ గ్రే (నవంబరు 10, 1905 - జూలై 9, 1965) ఇంగ్లండుకు చెందిన ప్రముఖ భౌతిక శాస్త్రవేత్త. కిరణాలు జీవకణాలపై చూపే ప్రభావాన్ని అధ్యయనం చేసే రేడియో జీవశాస్త్రానికి ఆద్యులలో ఒకడు. క్యాన్సర్ చికిత్సలో రోగి శరీరం గ్రహించే కిరణాల మోతాదును కొలవడానికి ఈయన కృషి పునాది అయినది. ఆ మోతాదుకు అంతర్జాతీయ ప్రమాణమైన "గ్రే" ఈయన పేరు మీదనే ఏర్పడింది.

బాల్యము, విద్యాభ్యాసము

గ్రే లండన్ ప్రాంతంలో ఒక సామాన్య కుటుంబంలో ఏకైక సంతానంగా జన్మించాడు. తండ్రి తపాలా శాఖలో ఉద్యోగి. ఆర్థిక స్తోమత లేకపోయినా చదువులో చూపిన ప్రతిభ వలన లభించిన ఉపకారవేతనంతో క్రైస్ట్స్ హాస్పిటల్‌లో విద్యనభ్యసించాడు. పేరులో హాస్పిటల్ అని ఉన్నప్పటికీ ఇది ఒక ప్రాచీన పాఠశాల. 1924లో కేంబ్రిడ్జిలోని ట్రినిటీ కళాశాలలో చేరి, పిమ్మట ఎర్నెస్ట్ రూథర్‌ఫర్డ్ నేతృత్వంలోని కావెండిష్ ప్రయోగశాలలో గామా కిరణాలపై పరిశోధన చేశాడు. ఒక ఘనపదార్థంలో చిన్న గాలి గదిని అమర్చి, అందులో పుట్టిన అయాన్లను లెక్కిస్తే ఆ పదార్థం గ్రహించిన శక్తిని తెలుసుకోవచ్చునని నిరూపించాడు. అంతకు పూర్వం విలియం హెన్రీ బ్రాగ్ కూడా ఇటువంటి భావననే సూచించి ఉండుటచేత దీనిని బ్రాగ్-గ్రే సూత్రమని వ్యవహరిస్తారు.

ఆసుపత్రిలో భౌతిక శాస్త్రవేత్త

1932లో ఛాడ్విక్ న్యూట్రాన్‌ను కనుగొనడంతో కావెండిష్ ప్రయోగశాల పరమాణు భౌతిక శాస్త్రానికి ప్రపంచ కేంద్రంగా వెలుగొందుతున్నది. అటువంటి తరుణంలో, 1933లో, గ్రే ఆ రంగాన్ని వదలి లండన్ శివారు నార్త్‌వుడ్‌లోని మౌంట్ వెర్నన్ ఆసుపత్రిలో భౌతిక శాస్త్రవేత్తగా చేరాడు.

అప్పటికి వాడుకలో ఉన్న రాంట్‌జెన్ అనే ప్రమాణం ఎక్స్-కిరణాలు గాలిలో కలిగించే అయనీకరణాన్ని మాత్రమే తెలిపేది. రోగి కణజాలం ఎంత శక్తిని గ్రహించిందో దాని వలన నేరుగా తెలిసేది కాదు. మోతాదు తక్కువైతే కణితి మిగిలిపోతుంది, ఎక్కువైతే చుట్టూ ఉన్న ఆరోగ్యకరమైన కణజాలం నశిస్తుంది. కనుక ఈ కొలత రోగి ప్రాణానికి సంబంధించిన విషయం. గ్రే తన సూత్రాన్ని ఈ సమస్యకు అన్వయించి 1936లో ప్రచురించాడు.

తరువాత ఆసుపత్రి ఆవరణలోనే న్యూట్రాన్లను పుట్టించే యంత్రాన్ని నిర్మించి, జాన్ రీడ్‌తో కలసి చిక్కుడు జాతి మొక్కల వేళ్లపై ప్రయోగాలు చేశాడు. గ్రహించిన శక్తి సమానమైనా న్యూట్రాన్లు, ఎక్స్-కిరణాలు కలిగించే హాని సమానం కాదని ఈ ప్రయోగాలలో స్పష్టమయినది. మోతాదును కణజాలం గ్రహించిన శక్తి రూపంలో చెప్పాలని ఈ ఇరువురు 1940లో ప్రతిపాదించారు. 1953లో రూపొందిన "రాడ్" అనే ప్రమాణం ఈ భావనపైనే ఆధారపడినది.

ఆక్సిజన్ ప్రభావము

గ్రే 1946లో లండన్‌లోని హామర్‌స్మిత్ ఆసుపత్రి పరిశోధన విభాగానికి మారాడు. ఆక్సిజన్ అందని కణాలు కిరణాలకు సులభంగా లొంగవని మౌంట్ వెర్నన్‌లో మాట్రమ్ వంటివారు ముందే గమనించి ఉన్నారు. చికిత్సలో దీని ప్రాధాన్యాన్ని గ్రే, ఆయన సహచరులు 1953లో ప్రచురించిన వ్యాసంలో వివరించారు. ఆక్సిజన్ లేని కణాన్ని చంపడానికి ఎక్స్-కిరణాల మోతాదు దాదాపు మూడు రెట్లు కావలసి వస్తుంది.

1955లో టామ్లిన్‌సన్, గ్రే మానవుల ఊపిరితిత్తుల క్యాన్సర్ కణజాలాన్ని సూక్ష్మదర్శినితో పరీక్షించారు. సుమారు 160 మైక్రోమీటర్లకన్న తక్కువ వ్యాసార్ధం గల కణితి భాగాలలో మృతకణాలు కనబడలేదు. 200 మైక్రోమీటర్లు దాటిన భాగాలన్నిటి నడుమ కణాలు మరణించి ఉన్నాయి. రక్తనాళం నుండి ఆక్సిజన్ కణజాలంలోకి ఎంత దూరం వ్యాపించగలదో గణితం ద్వారా లెక్కించగా సుమారు 150 మైక్రోమీటర్లని తేలింది. లెక్క, పరిశీలన ఒకదానికొకటి సరిపోయాయి. దీనిని బట్టి బ్రతికి ఉన్న కణాలకు, మృతకణాలకు మధ్య ఆక్సిజన్ కొరతతో జీవించే కణాలు ఉంటాయని, చికిత్స తరువాత కణితి మరల పెరగడానికి ఇవి కారణం కావచ్చునని వారు భావించారు.

సొంత ప్రయోగశాల

విభాగం ఏ దిశలో సాగాలన్న విషయంపై ఏర్పడిన అభిప్రాయ భేదాల వలన గ్రే 1953లో హామర్‌స్మిత్‌ను వదలవలసి వచ్చింది. చికిత్సకు తోడ్పడాలంటే భౌతిక, రసాయన, జీవశాస్త్రాల మూలసూత్రాలను కలిపి శోధించాలన్నది ఆయన దృక్పథం. బ్రిటిష్ ఎంపైర్ క్యాన్సర్ కాంపెయిన్ ఆర్థిక సహాయంతో మౌంట్ వెర్నన్‌లోనే కొత్త పరిశోధన విభాగాన్ని నెలకొల్పి, ఈ శాస్త్రాలన్నిటికి చెందినవారిని ఒకే చోట చేర్చాడు. ఇదే తరువాత గ్రే ప్రయోగశాలగా ప్రసిద్ధి చెందినది. 1961లో రాయల్ సొసైటీ సభ్యునిగా ఎన్నికయ్యాడు.

మరణము, వారసత్వము

1963లో పక్షవాతానికి గురైన గ్రే 1965 జూలై 9న మరణించాడు. 1975లో జరిగిన తూనికలు, కొలతల అంతర్జాతీయ మహాసభ గ్రహించిన మోతాదుకు "గ్రే" అనే ప్రమాణాన్ని ఆమోదించింది. ఒక కిలోగ్రాము పదార్థం ఒక జౌలు శక్తిని గ్రహిస్తే అది ఒక గ్రే, అనగా 100 రాడ్‌లు. ఆయన నెలకొల్పిన సంస్థ 2008లో ఆక్స్‌ఫర్డ్‌కు తరలింది.

కణితిలోని ఆక్సిజన్ కొరతను అధిగమించే మార్గాలపై పరిశోధనలు నేటికీ సాగుతున్నాయి. చికిత్సను రోజుకు సుమారు 2 గ్రేల చొప్పున అనేక విడతలుగా ఇచ్చే పద్ధతి అనుభవం ద్వారా ముందే వాడుకలోకి వచ్చినది. విడతల నడుమ మిగిలిన కణాలకు మరల ఆక్సిజన్ అందుతుందని, అవి తదుపరి విడతకు లొంగుతాయని తరువాతి పరిశోధకులు వివరించారు. ఆ వివరణకు దారి చూపినది గ్రే కృషియే.